నాలుగు పన్నెండుకు తీసిన రెండు ఫోటోలు

శుక్రవారం ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు నలుగురు: షాజాదీ పెద్దమ్మ, ఆమె కూతురు షిరీన్ అక్క, చీమకుర్తి నుంచి ఆ పొద్దున్నే దిగిన ఇమాం హుస్సేన్ మామయ్య, నేను. బుడాన్ పెదనాన్న ఏడింటికే పరుపులు ఆటోలో వేసుకుని దర్శి వెళ్ళాడు. ఆరింటిదాకా రాలేదు. మామయ్య పన్నెండున్నరకు నమాజుకు వెళ్ళి, అటునుంచి అటే వెనక వీధిలో ఉన్న మా ఇంటికొచ్చి భోంచేసి పడుకున్నాడు. నేను పన్నెండుంపావుకు వెళ్ళిపోయి, మళ్ళీ నాలుగు దాటాక ఒక్క నిమిషం వచ్చాను. ప్రభు ఐదుంపావుకు సైకిలు మీద వచ్చి, ఖాళీ గోతాలు వెనక దూది కొట్టు గడపలో పడేసి, పది నిమిషాల్లో వెళ్ళిపోయాడు. లోపలికి రాలేదని అతను చెప్పాడు. వచ్చాడని పోలీసులు రాసుకున్నారు.

ఇది నా డైరీలో శనివారం నాటి పేజీ. మంగళవారం పొద్దున దాన్ని మళ్ళీ చదివి, కింద ఇంకో వాక్యం రాశాను: ఈ రోజు సాయంత్రం నాలుగింటిదాకా టైముంది.

ఆ దూది కొట్లోనే, కుప్ప మీద, ఆరింటికి పెదనాన్నకి అక్క కనిపించింది. నిద్రపోతోందనుకుని, చున్నీ కూడా లేకుండా ఈ పడకేంటే అని కసిరాడట. ఆ మాట ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పుకుని ఏడ్చాడో. మెడ చుట్టూ ఎర్రటి గీత ఉంది. గుడ్డ బిగిసి ఊపిరాడక చనిపోయిందని పోస్టుమార్టంలో తేలింది. ఐదింటికి టీ ఇచ్చాను, తాగి వెనక్కి వెళ్ళింది అని పెద్దమ్మ పోలీసులకు చెప్పింది. ఐదింటికి బతికే ఉంది, ఆరింటికి లేదు, మధ్యలో వచ్చింది ప్రభు ఒక్కడే. హెడ్ కానిస్టేబుల్ ప్రేమదాసు గారి లెక్క అంతే.

అక్కకి పంతొమ్మిదేళ్ళు. సోమవారం ఒంగోలులో నర్సు ట్రైనింగులో చేరాల్సింది.

ప్రభు ఆరేళ్ళుగా పెదనాన్న దగ్గర దూది ఏకే మిషను నడుపుతున్నాడు. చిన్నప్పుడు నేను మిషను దగ్గరికి వస్తున్నానని నేల మీద సుద్దతో గీత గీసి, ఇది దాటావంటే మీ పెదనాన్నకి చెప్తానని బెదిరించేవాడు. శుక్రవారం నుంచీ స్టేషన్లోనే ఉన్నాడు. కాగితాల్లో మాత్రం సోమవారం సాయంత్రం పట్టుకున్నట్టు ఉంది. మంగళవారం నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు పెడతారు, ఆ తర్వాత జైలు. వాళ్ళమ్మ రెబ్కమ్మ సోమవారం మా గుమ్మంలో నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నువ్వు ఏదో రాస్తా ఉంటావంట కదమ్మా. మావాడి గురించి కూడా ఒక ముక్క రాయి" అంది.

ఎవరికి రాయాలో ఆమెకి తెలియదు. నాకూ తెలియదు. నా దగ్గర ఉన్నవి మూడు ఫోటోలు.

అవి మామయ్య కెమెరాలో ఉన్నాయి. మామయ్య చీమకుర్తిలో గ్రానైటు కోసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. పాలిష్ పట్టిన నల్ల పలకలకి ఫోటోలు తీసి కొనేవాళ్ళకి పంపడం కూడా అతని పనే. ఆ పలక అద్దంలాంటిది. ఫ్లాష్ వేస్తే ఫ్లాషే కనిపిస్తుంది, రాయి కనిపించదు. షెడ్డులో చూస్తే చీకటి. అందుకని యజమాని ఈ నెలలోనే కొత్త రకం కెమెరా తెప్పించాడు. చొక్కా జేబులో పట్టేంత చిన్నది. శుక్రవారం మామయ్య దాన్ని విప్పదీసి చూపించినట్టే చెప్పుకొచ్చాడు. ఫిల్ము బదులు లోపల చిటికెన వేలి గోరంత బిళ్ళ, సెన్సర్, ఉంటుందట. దాని నిండా వెలుతురు పట్టే గుంటలు లక్షల్లో ఉంటాయట. పాతవాటిలో ఆ గుంటల పైన సన్నటి తీగలు పరిచి ఉండేవి, పడే కాస్త వెలుతురుకీ అవే అడ్డం. ఇందులో ఆ బిళ్ళని తిరగేసి, తీగల్ని కిందికి పంపేశారు. పందిరి కింద ఎండ పడదు కదా, పందిరి తీసి నేల మీద పడేశారనుకో అన్నాడు మామయ్య. అయితే ఇంక పాములే అంది అక్క. ముగ్గురం నవ్వాం.

మొదటి ఫోటో అప్పుడు తీసిందే. పన్నెండు పది. మిషను గదిలో అక్క నిలబడి ఉంది. ఫ్లాషుకి కళ్ళు మూసేసింది.

మిగిలిన రెండూ నేను తీసినవి. నాలుగు పన్నెండు. మామయ్య పడుకోబోతుంటే కెమెరా అడిగి తీసుకుని, కల్లంలో ఆరబోసిన మిరపకాయలకి ఫోటోలు తీసి, అవి అక్కకి చూపిద్దామని వచ్చాను. మిషను గది తలుపు తెరిచే ఉంది. ఆ గదికి కిటికీ లేదు. ఎండలోంచి రావడంవల్ల లోపల ఏమీ కనపడలేదు. గుమ్మంలో నిలబడి పెద్దమ్మని పిలిచాను, అక్కని పిలిచాను. ఎవరూ పలకలేదు. ఊరికే, ఫ్లాషుతో ఒకటి, కెమెరాని ద్వారబంధానికి ఆనించి ఫ్లాషు లేకుండా ఒకటి తీసుకుని వెళ్ళిపోయాను.

ఆదివారం ఆ కెమెరాలో అక్క ముఖం చూసుకుంటూ ముందుకు నొక్కుతుంటే, నాలుగు పన్నెండు ఫ్లాషు ఫోటో దగ్గర ఆగిపోయాను. దాని నిండా తెల్లటి గుండ్రటి చుక్కలు; ఫ్లాషు వాటి మీదే ఆగిపోయి వెనకంతా నల్లగా ఉంది. పన్నెండు పదికి తీసిన ఫోటోలో ఒక్కటి కూడా లేదు.

దూది ఏకే ఇంట్లో పుట్టిన ఎవరికైనా ఆ చుక్కలేమిటో తెలుస్తుంది. మిషను తిరిగాక దూది నూగు గాల్లో తేలుతూ ఉంటుంది. ఫ్లాషు పడితే కటకానికి దగ్గరగా ఉన్న ప్రతి పోగూ గుండ్రటి చుక్కలా మెరుస్తుంది. అయితే శుక్రవారం మా వాళ్ళు మిషను వెయ్యరు. పక్కనే మసీదు. తెల్లబట్టలతో నమాజుకొచ్చేవాళ్ళ మీద నూగు పడుతోందని పెదనాన్న వాళ్ళ నాన్న గఫూర్ తాత కాలంలోనే ఆపేశారు. ఆయన పోయాక పెదనాన్న దాన్ని ఒట్టులా పాటించాడు. అందుకే పోలీసులుగానీ మేంగానీ ఆ గదివైపు చూడలేదు.

మంగళవారం ఎనిమిదింటికి మామయ్యని వెంటబెట్టుకుని పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళాను. ముందు మామయ్యనే అడిగాను. కెమెరాలో గడియారం సరిగ్గా ఉందా? ఫ్యాక్టరీలో గోడ గడియారం చూసి పెట్టానన్నాడు. శుక్రవారం మధ్యాహ్నం తర్వాత అది ఇంకెవరి చేతికైనా వెళ్ళిందా? లేదు, నీకు తప్ప అన్నాడు. నేను ఫోటో తీసి వీధి మలుపు తిరిగేసరికి సాయంత్రం నమాజుకి పిలిచే అసర్ అజాన్ మొదలైంది. మసీదులో ఆ రోజు అజాన్ నాలుగుంపావుకు. గడియారం సరిపోయింది.

తర్వాత పెదనాన్న దగ్గరికి వెళ్ళి, మిషను ఒక పది నిమిషాలు తిప్పాలని చెప్పాను. ఎందుకని అడగలేదు. తిప్పుకోండని చెయ్యి ఊపాడు.

గదిలో ముందు అన్నీ చూశాను. నేల ఊడ్చి ఉంది. రోలరుకి ఉండే ఇనప ముళ్ళలో వారం నాటి దూది అట్టకట్టి ఉంటుంది ఎప్పుడూ. ఎడమవైపు జానెడు మేర మాత్రం ముళ్ళు మెరుస్తున్నాయి. అక్కడ ఎవరో వేళ్ళతో ఒక్కొక్కటీ శుభ్రం చేశారు. మామయ్యకి చూపించాను. అతను జేబులోంచి రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

మిషను పది నిమిషాలు తిప్పి ఆపాం. ఆపగానే ఫ్లాషుతో ఒక ఫోటో: చుక్కలు లెక్కపెట్టలేనన్ని. అరగంటకి ఒకటి: డెబ్బై ఒకటి. గంటకి ఒకటి: ఇరవై మూడు. రెండు గంటలకి ఒక్కటీ లేదు. శుక్రవారం నాలుగు పన్నెండు ఫోటోలో యాభై ఎనిమిది. అంటే అంతకు ముప్పావుగంట లోపే మిషను ఆగింది. మూడున్నర దాటాక. ఆ టైములో ప్రభు దర్శిలో చర్చికి క్రిస్మస్ తోరణాలు కడుతున్నాడు. చూసినవాళ్ళు పదిమంది ఉన్నారు. పోలీసులకి ఐదుంపావు ముఖ్యం కాబట్టి ఆ పదిమందినీ ఎవరూ అడగలేదు.

మిషను తిరుగుతున్నంతసేపూ పెద్దమ్మ బియ్యం చేట పట్టుకుని పెరట్లో గోడవైపు తిరిగి కూర్చుంది. ఆగాక నేను వెళ్ళి, శుక్రవారం మిషను ఎవరైనా వేశారా అని అడిగాను.

"శుక్రవారం ఎవరు వేస్తారే" అంది.

తల ఎత్తలేదు. చేటలో రాళ్ళు అయిపోయాయి. ఆమె వేళ్ళు మంచి బియ్యాన్ని కూడా ఏరి పక్కన పడేస్తున్నాయి.

పదకొండున్నరకి దర్శిలో ఖలీల్ గారి స్టూడియోకి చేరాం. స్టేషన్‌కి వెళ్తే ప్రేమదాసు గారు మమ్మల్ని అక్కడికే తీసుకొచ్చారు. పోలీసులకి శవాల ఫోటోలు తీసేది ఖలీల్ గారే. అక్కని దూది కుప్ప మీద తీసింది కూడా ఆయనే. ఫోటో సంగతి ఆయన ఏదంటే స్టేషన్లో అదే. మామయ్య బయట ఆటోవాడితో మాట్లాడుతూ ఉండిపోయాడు. నేను కెమెరాలోని మెమరీ కార్డు ఇచ్చి, గోడకి ఆనుకుని నిలబడి, చెప్పాల్సింది నేలకి చెప్పాను.

ఖలీల్ గారు ఫోటోని కంప్యూటర్లో పెద్దది చేసి చూసి నవ్వారు.

"ఈ బుల్లి కెమెరాలు చీకట్లో ఇంతే పాపా. సెన్సర్ చిన్నది, వెలుతురు చాలదు, చుక్కలు పోస్తాయి. దీన్ని నాయిస్ అంటారు. పదో తరగతి డిటెక్టివులకి ఇంకా ఆ పాఠం రాలేదనుకుంటా."

ప్రేమదాసు గారు కూడా నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. అయినా ఆ మాటకి జవాబు నేను ఆటోలోనే తయారుచేసి పెట్టుకున్నాను.

"నాయిస్ అయితే ఫ్లాషు లేని ఫోటోలో ఇంకా ఎక్కువ ఉండాలి కదండీ. అందులో ఈ తెల్లవి ఒక్కటి కూడా లేవు. అదే గది, అదే నిమిషం."

ఆయన నవ్వు ఆపారు. నేను పొద్దున తీసిన నాలుగు ఫోటోలు కూడా చూపించి, నాయిస్ అంటే ఎర్రగా నీలంగా ఇసుక పోసినట్టు చీకటి అంతటా ఉంటుందని, ఇవి గుండ్రంగా అంచులు మసకగా ఉన్నాయని, ఇవి గాల్లో ఉన్న నూగు అని చెప్పాను. ఇరవై ఏళ్ళుగా ఫోటోలు తీస్తున్నాను, నాకే చెప్తావా అన్నారు ఖలీల్ గారు. కెమెరాలో టైము ఎవడు చూశాడన్నారు. అజాన్ సంగతి చెప్పాను. ప్రేమదాసు గారు కుర్చీ ముందుకి లాక్కున్నారు.

"సరేనమ్మా, నూగే అనుకుందాం. నూగు వచ్చి గొంతు పిసికిందా?"

"మిషను తిరిగిందండి. ఆ రోలరుకి ముళ్ళుంటాయి. అక్క చున్నీ..."

చెయ్యి నా మెడ దగ్గరికి తీసుకెళ్ళి చూపించాను.

"మరి ఐదింటికి టీ తాగింది ఎవరు?" అన్నారాయన. గొంతు పెంచలేదు. "మీ పెద్దమ్మ చెప్పింది అబద్ధమంటావా? ఆ మాట నువ్వు అను. నేను రాసుకుంటా. ప్రభుని ఇప్పుడే పంపించేస్తా."

నేను అనలేదు. నాకు తెలిసింది మిషను తిరిగిందని మాత్రమే. ఎవరు తిప్పారో, ఎవరు చూశారో తెలియదు. ఐదేళ్ళ వయసులో నాకు టైఫాయిడ్ వస్తే పద్దెనిమిది రోజులు పక్కన కూర్చున్న మనిషి గురించి, తెలియని మాట ఎలా అంటాను?

ప్రేమదాసు గారికి ఫోను వచ్చి బయటికి వెళ్ళారు. ఖలీల్ గారికి మాత్రం నా మాట గుచ్చుకుంది. నాయిస్ అంటే ఏంటో నీకు చూపిస్తానుండు అని ఫ్లాషు లేని ఫోటోని తెర మీదకి తెచ్చారు. కెమెరా వెనక ఉన్న బుల్లి తెరలో అది దాదాపు నల్లగా ఉండేది. ఆయన ఏదో మీట జరుపుతూ వెలుతురు పెంచుకుంటూ పోయారు. నలుపు బూడిదరంగు అయ్యింది. ఎర్ర రేణువులు, నీలం రేణువులు పుట్టలోంచి వచ్చినట్టు వచ్చాయి. మిషను బయటపడింది. రోలరు బయటపడింది. ఆ వెనక గోడ, గోడవార పరుపుల కట్ట.

అది పరుపుల కట్ట కాదు.

కొంగు తల చుట్టూ తిప్పి చెవి వెనక దోపుకునే అలవాటు మా ఊళ్ళో పెద్దమ్మకి ఒక్కదానికే ఉంది. గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మరక, అది గుమ్మంవైపు, నావైపు తిరిగి ఉంది. ఆమె ఒడిలో ఇంకో తల. రెండు పాదాలు ఇటువైపు చాపి ఉన్నాయి. పన్నెండు పదికి ఆ పాదాల మీదే అక్క నవ్వుతూ నిలబడి ఉంది.

నేను అక్కడే ఉన్నాను. ఏడెనిమిది అడుగుల దూరంలో. నా కళ్ళు చూడలేనిది ఆ గోరంత బిళ్ళ చూసింది. చూసి నాలుగు రోజులు నాతోపాటు తిరిగింది.

"చూశావా, ఎన్ని చుక్కలో" అన్నారు ఖలీల్ గారు, తెర మీద వేలు పెట్టి. ఆయన చుక్కల్నే చూస్తున్నారు. వేలు సరిగ్గా అక్క జుట్టు మీద ఉంది.

"చూశానండి" అన్నాను.

"ఇంకా పెంచనా?"

"వద్దండి. చాలు."

ఓడిపోయానని ఆయన అనుకున్నారు. కాస్త జాలి కూడా పడ్డట్టున్నారు, కార్డు తీసి కవరులో పెట్టి ఇచ్చారు. బయట ప్రేమదాసు గారు నాలుగింటికి జీపు కదులుతుందని, చెప్పేది ఏమైనా ఉంటే ఆలోపు రమ్మని అన్నారు. ఆయన చెడ్డ మనిషేం కాదు. ఆయనకి ఒక మాట కావాలి. ఆ మాట ఇప్పుడు నా చేతిలో కవరులో ఉంది. అదే గుమ్మంలో అక్కడికక్కడే ఇచ్చేయవచ్చు. ఇవ్వలేకపోయాను. ముందు ఆమెని అడగాలి అనిపించింది. ఆమే వచ్చి చెబితే అది వేరు, నేను పట్టిస్తే అది వేరు.

ఆటోలో మామయ్య ఏమైందని రెండుసార్లు అడిగాడు. అతను పెద్దమ్మ తమ్ముడు. చెప్పలేదు. దారికి రెండువైపులా పత్తి చేలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి, అటు చూడలేక నా కాళ్ళవైపు చూసుకుంటూ కూర్చున్నాను.

ఇంటికి చేరేసరికి రెండూ నలభై. పెదనాన్న మసీదు అరుగు మీద ఉన్నాడు. మామయ్యని ఆయన దగ్గరికి పంపి నేనొక్కదాన్నే లోపలికి వెళ్ళాను. పెద్దమ్మ మధ్య గదిలో అక్క పెట్టె ముందు కూర్చుని, హాస్టలుకని మడిచిన బట్టల్ని మళ్ళీ మడుస్తోంది. నేను గడపకి ఇవతలే నిలబడ్డాను.

ఏమీ చూపించలేదు. ఫ్లాషు లేని ఫోటో ఒకటి ఉందని, కంప్యూటర్లో వెలుతురు పెంచితే గోడవార కనిపించిందని, అది ఇంకా ఎవరూ గమనించలేదని చెప్పాను. ఆమె మడిచిన బట్ట మీద అరచేతితో నెమ్మదిగా రాసింది. చాలాసేపు అదే పని చేసింది.

"రెండు దిళ్ళకి దూది" అంది చివరికి. "హాస్టల్లో రాళ్ళలాంటి దిళ్ళు ఇస్తారంట. కొట్లో ఉన్నది పాత దూది. అది వద్దమ్మా, శుక్రవారం అంది. నేనే వేయమన్నా. నమాజు అయిపోయిందిగా, మీ నాన్న వచ్చేలోపు ఊడ్చేద్దామన్నా."

చున్నీ రోలరు పట్టేసిందని, స్విచ్చు ఆపి కత్తెరతో కోసేసరికి అక్క కింద పడిపోయిందని, స్పృహ తప్పిందనుకుని నీళ్ళు చల్లుతూ కూర్చుందని, చివరికి దూది కుప్ప మీదికి చేర్చి, గది ఊడ్చి, ముళ్ళలో చిక్కిన చున్నీ పోగులు ఏరేసిందని చెప్పింది. చెప్పేటప్పుడు నావైపు చూడలేదు. నేను సమాధానం తెలుసుకోకూడని ప్రశ్న ఒకటే మిగిలింది. అది అడగకుండా గోడ గడియారం చూశాను.

"ప్రభుని నాలుగింటికి తీసుకెళ్ళిపోతారు పెద్దమ్మా. నువ్వొచ్చి చెప్తే వదిలేస్తారు. నేను పక్కనే ఉంటా."

"వాడి పేరు నేను చెప్పలేదు."

"ఐదింటికి టీ ఇచ్చానన్నావు."

"కడసారి ఎప్పుడు చూశావన్నారు. ఏదో ఒక టైము చెప్పాలిగా." బట్టని పెట్టెలో పెట్టి మూత వేసింది. "ఆ మాట అన్నాక వాడు వచ్చాడని తెలిసింది. మార్చి చెప్పడానికి నోరు రాలా."

లేచి నిలబడింది. నాలుగు రోజుల్లో సగం అయిపోయింది మనిషి. వస్తుందనుకుని నేను పక్కకి జరిగాను. ఆమె గడప దగ్గరికి వచ్చి ఆగి, మొదటిసారి నా ముఖంలోకి చూసింది.

"నువ్వు పిలిచినప్పుడు దానికి ఊపిరుందే" అంది. "నీ గొంతు విని కళ్ళు తెరిచింది. పలకబోయింది. ఊళ్ళో తెలిసిపోద్దని నేనే నోరు మూశా. నాదీ, దానిదీ."

బయట మసీదు అరుగు మీద పెదనాన్న ఎవరికో ఏదో చెబుతున్నాడు.

"ఫోటో నీ దగ్గరుందిగా. నువ్వే చెప్పు" అంది పెద్దమ్మ.

చెయ్యి చాపి నా భుజం మీద పెట్టింది. దగ్గరికి తీసుకుంటుందనుకున్నాను. మెల్లగా, నొప్పి తగలకుండా, నన్ను ఒక అడుగు వెనక్కి జరిపి, తలుపు వేసేసింది.